ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా నొప్పేంటి?

మొన్నామధ్య ఒక పెళ్ళికి ఉయ్యూరు వెళ్ళాను. భోజనాల దగ్గర వరసకి అత్తయ్య అయ్యే ఒకావిడ పక్కన కుర్చీ దొరికింది. పప్పన్నం రెండు ముద్దలు తిన్నానో లేదో కింద పొత్తికడుపులో మొదలయ్యింది. అలవాటు ప్రకారం కొంచెం ముందుకి వంగి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కూర్చున్నా. ఆవిడ నా ఆకు వంక చూశారు, నా వంక చూశారు. "ఏంటమ్మాయ్, ఇంకా ఆ నొప్పేనా? ఆపరేషన్ అయిపోయిందిగా!" అన్నారు.

ప్రేమగానే అన్నారు లెండి. కానీ ఈ ముక్క గత ఆరేళ్ళలో ఎంతమంది నోట విన్నానో చెప్తే ఆశ్చర్యపోతారు. మా అమ్మ, మా ఆయన (ఒక్కసారే, ఆ తరవాత ఎప్పుడూ అనలేదు పాపం), మా మేనేజరు, ఇన్సూరెన్సు కంపెనీ ఫోనులో మాట్లాడిన కుర్రాడు, ఆఖరికి తెల్లకోటు వేసుకున్న ఒక డాక్టరు గారు. మిగతావాళ్ళంటే తెలియక అన్నారు. చదువుకున్న డాక్టరు గారు కూడా "సర్జరీ సక్సెస్ అమ్మా, ఇంకా నొప్పి ఉండకూడదే" అంటే ఒళ్ళు మండదా? ఉండకూడదే అంటే, నేనేదో రూలు తప్పినట్టు!

కాబట్టి ఇది జాలిపడమని రాయడంలేదు, పోట్లాడదామనే రాస్తున్నాను. ఎవరితో అంటారా... ఆపరేషన్ ని సినిమా చివర శుభం కార్డులా చూసే ప్రతి ఒక్కరితోనూ. ఇది ఆడవాళ్ళ గొడవ కదా అని ఇక్కడితో ఆగిపోదామనుకునే మగవాళ్ళకి ఒక మనవి. మీ ఇంట్లో నెలకి నాలుగు రోజులు ఎవరో ఒకరు "ఏం లేదులే" అంటూ గోడ పట్టుకుని నడుస్తూనే ఉండుంటారు. కొంచెం ఓపిక పట్టి చదవండి.

ముందు జబ్బేంటో చెప్పాలి. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే గర్భసంచి బయట పెరుగుతుంది. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద, గర్భసంచి వెనక సందులో, ఎక్కడైనా. నెలనెలా వచ్చే హార్మోన్లకి అది కూడా స్పందిస్తుంది, వాస్తుంది, రక్తం కారుస్తుంది. ఆ రక్తానికి బయటికి పోయే దారి లేదు. దాంతో చుట్టుపక్కలంతా వాపు, మచ్చలు, ఒక అవయవం ఇంకోదానికి అతుక్కుపోవడం. 1860లోనే వియన్నాలో రొకిటాన్‌స్కీ అనే ఆయన దీన్ని వర్ణించాడు. 1920లలో అమెరికాలో శాంప్సన్ అనే డాక్టరు, బహిష్టు రక్తం వెనక్కి పారి పొట్టలో పడటం వల్ల వస్తుందని ఒక సిద్ధాంతం చెప్పాడు. అది కొంతవరకే నిజం, పూర్తి కారణం ఇవ్వాళ్టికీ తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు పది శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తమ్మీద 19 కోట్ల మందికి ఇది ఉంది.

పదిమందిలో ఒకరికి ఉండే జబ్బుకి మన వాడుకలో పేరే లేదు, గమనించారా? సుగరుంది, బీపీ ఉంది, థైరాయిడుంది. దీనికి మాత్రం మా వైపు "గర్భసంచి వాపు" అంటారు, "గర్భసంచి పాడయ్యింది" అంటారు. ఆ మాటల్లోనే చూడండి, నేరమంతా గర్భసంచి మీదకి తోసేశాం. అసలు జబ్బు ఉన్నదేమో దాని బయట!

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. పదిహేనో ఏట మొదలయ్యింది. అప్పుడు విజయవాడలో ఒక హాస్టలు కాలేజీలో ఇంటర్. (ఏ కాలేజీ అనేది అనవసరం, అన్నీ ఒకటే.) పొద్దున్న ఐదున్నర స్టడీ అవర్ కి లేవలేకపోతే వార్డెన్ వచ్చి "అందరికీ వస్తాయి, నీకొక్కదానికే కాదు, నాటకాలాడకు" అనేది. తరవాత ఇంజినీరింగు, తరవాత హైదరాబాదు, ఉద్యోగం. "పెళ్ళయితే పోతుంది" అన్నారు. పెళ్ళయ్యింది, పోలేదు. "ఒక బిడ్డ పుడితే పోతుంది" అన్నారు. పాప పుట్టింది, గర్భంతో ఉన్నన్నాళ్ళూ పాలిచ్చినన్నాళ్ళూ నిజంగానే కొంచెం సుఖపడ్డాను, ఆ తరవాత వడ్డీతో సహా వచ్చింది. 2019లో స్కాన్ లో ఎడమ అండాశయం మీద చాక్లెట్ సిస్టు కనిపించింది. పేరు వినగానే నవ్వొచ్చింది. పాత రక్తం గడ్డకట్టి చాక్లెట్ రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరట. జబ్బు తేలడానికి ప్రపంచంలో 4 నుంచి 12 ఏళ్ళు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. నాకు 17 పట్టింది.

ఆ ఏడాది ఆగస్టులో లాపరోస్కోపీ చేశారు. సిస్టు తీశారు, కనిపించిన మచ్చలు కాల్చారు, అతుక్కున్నవి విడదీశారు. డాక్టరు మంచి చెయ్యి, నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు ఆ తరవాత ఇచ్చిన కాగితం మీద. డిశ్చార్జి సమ్మరీ రెండు పేజీలు. వేసిన మత్తుమందు దగ్గర్నుంచి కుట్టిన దారం దాకా అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం: "వారం తరవాత కుట్లు చూపించుకోవలెను". అంతే. వారం తరవాత చూపించుకున్నా. "బాగా మానింది" అన్నారు. తరవాతేంటి అని ఆయన చెప్పలేదు, అడగాలని నాకు తెలియదు.

తొమ్మిది నెలలు హాయిగా గడిచాయి. 2020 మే, లాక్‌డౌను, ఇంటినుంచే పని. బెజవాడలో రోహిణీ కార్తె ఎండలంటే రోళ్ళు పగుల్తాయంటారు కదా, ఆ ఎండల్లో, ఏసీ లేని గదిలో, పొట్ట మీద వేణ్ణీళ్ళ సంచి పెట్టుకుని స్టేటస్ కాల్ లో కూర్చున్న ఘనత నాది. కెమేరా ఆఫ్ లో పెట్టినందుకు మా మేనేజరు అడిగాడు కూడా.

సరే, ఇంకో డాక్టర్ని చూద్దామని సూర్యారావుపేట వెళ్ళాను. (బెజవాడ తెలియనివాళ్ళకి: అక్కడ ఇళ్ళకంటే నర్సింగ్ హోములెక్కువ.) మూడు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. స్కాన్ చూశారు. పిల్లలా? ఒక పాపండి. ఇంకా కావాలా? ఆలోచించలేదండి. వయసు? ముప్ఫై మూడు. "అయితే తీసేద్దాం, ఇక దాంతో పనేముంది!"

పాత ఫ్రిజ్జు ఎక్స్ఛేంజికి ఇచ్చినంత తేలిగ్గా అన్నారండీ. నా పదిహేడేళ్ళ చరిత్రకి ఆవిడ మూడు ప్రశ్నలు వేశారు, అందులో ఒక్కటీ నొప్పి ఎక్కడొస్తుంది, ఎప్పుడొస్తుంది అన్నది కాదు.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, బగ్ ఒక మాడ్యూల్లో ఉంటే పక్క మాడ్యూల్ని డిలీట్ చేసి టికెట్ క్లోజ్ చెయ్యడం ఇది. మళ్ళీ అదే బగ్ వచ్చిందని కస్టమరు మొత్తుకుంటే "మా దగ్గర రావట్లేదండీ" అని రాసేసి చేతులు దులుపుకోవడం. ఇలా చేసే కుర్రాళ్ళని మా ఆఫీసులో ఎప్రైజల్ లో ఉతుకుతాం.

తొందరపడి నన్ను సర్జరీకి వ్యతిరేకి అనుకోవద్దు. గర్భసంచి తీయడం వల్ల కొంతమందికి నిజంగానే తగ్గుతుంది. ముఖ్యంగా గర్భసంచి కండరంలోకే ఆ పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ కూడా ఉన్నవాళ్ళకి. అన్నీ ప్రయత్నించి, అర్థం చేసుకుని, తనంతట తాను తీయించుకున్న మనిషిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేననేదల్లా, "తీసేస్తే పోతుంది" అని మాటివ్వకండి అని. యూరప్ లో ఎష్రే అనే సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా ఇదే రాశారు: గర్భసంచి తీసినంత మాత్రాన లక్షణాలు గానీ జబ్బు గానీ తప్పకుండా పోతాయని లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి అని. పేగు మీదున్న మచ్చని పేగు మీదే వదిలేసి, గర్భసంచి తీసి సీసాలో వేసి బంధువులకి చూపిస్తే నొప్పి ఎలా పోతుంది చెప్పండి?

మళ్ళీ ఉయ్యూరు పెళ్ళికొస్తాను. చేతులు కడుక్కునే దగ్గర అత్తయ్య నా పక్కకొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి "నాది ముప్ఫై రెండో ఏటే తీసేశారే అమ్మాయ్. ఇప్పటికీ వంగి లేస్తే లాగుతుంది. ఎవరితో చెప్పుకుంటాం?" అన్నారు. ఇందాక నన్నడిగిన మనిషే! ఆవిణ్ణి కూడా ఎవరో ఎప్పుడో "ఆపరేషన్ అయిపోయిందిగా" అని నోరు మూయించి ఉంటారు. ఆవిడ అదే మాట నాకు అందించారు.

అత్తయ్య ఒక్కరి కథ కాదిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటుంది. 2015-16లో చేసిన నాలుగో సర్వేలో మొదటిసారి గర్భసంచి తీయించుకున్న వాళ్ళని లెక్కపెట్టారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం సగటు 3.2 శాతం. మన ఆంధ్రప్రదేశ్ 8.9 శాతం, దేశంలో మొదటి స్థానం! తెలంగాణ 7.7తో రెండోది. రాష్ట్రం విడిపోయినా ఇందులో మాత్రం అన్నదమ్ములం కలిసే ఉన్నాం. 2019-21 సర్వేలో కూడా కథ పెద్దగా మారలేదు. నాలుగో సర్వే ప్రకారం తీయించుకున్న వాళ్ళ మధ్యస్థ వయసు 34. మూడింట రెండొంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో. కారణమేంటని అడిగితే సగానికి పైగా చెప్పింది ఎక్కువ రక్తస్రావం, నొప్పి. కాన్సరు కాదు.

2019లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకు కొట్టే కూలీ ఆడవాళ్ళకి కుప్పలు తెప్పలుగా గర్భసంచులు తీసేశారని టీవీల్లో వస్తే మనవాళ్ళంతా "అయ్యో, ఎంత ఘోరం" అన్నారు. అనాల్సిందే. కానీ అద్దం మన ఇంట్లోనూ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలయ్యింది. బీదవాడికి గుండె ఆపరేషన్ కార్పొరేట్ ఆస్పత్రిలో జరగడం చిన్న సంగతి కాదు, ఆ పథకం గొప్పదనం నేను కాదనను. కానీ అదే పథకంలో గర్భసంచి ఆపరేషన్లు ఎంతలా పెరిగాయంటే, కొన్నేళ్ళకే వాటిని ప్రైవేటు ఆస్పత్రుల నుంచి తప్పించి ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చెయ్యాల్సొచ్చింది. 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా గారు బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ లలో అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పదేళ్ళ తరవాత, 2023 ఏప్రిల్ 5న, కేంద్రం రాసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమల్లో పెట్టమని కోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. జిల్లా స్థాయిలో కూడా ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి వాటి ప్రకారం. మీ జిల్లా కమిటీ గురించి మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

ఇక్కడ నా డాక్టరు స్నేహితురాలు ఒక మాటంటుంది. "మేం తోసెయ్యట్లేదే, పేషంట్లే వచ్చి తీసెయ్యమని అడుగుతారు" అని. నిజమే, కాదన్ను. మా ఊరి చేలల్లో నాట్లేసే ఆడవాళ్ళని చూడండి. మోకాలి లోతు బురదలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడుం వంచి ఉండాలి. గుడ్డ మార్చుకోవడానికి చాటు ఉండదు. ఒకరోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుంది, రెండు నెలలు వరసగా మానేస్తే ముఠాలో చోటే పోతుంది. అలాంటి మనిషికి ఒక్కటే దారి చూపించి, "కాన్సరొస్తుంది" అని చెవిలో ఓ మాట ఊది, "మరి తనే అడిగింది" అంటే ఎలా? రెండో దారి ఉందని ఆవిడకి చెప్పిందెవరు? పైగా అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫయ్యో ఏటే నెలసరి ఆగిపోయి, ఎముకలు గుల్లబారి, వేడి ఆవిర్లు, నిద్ర లేకపోవడం. ఆ బాధలకి ఇంకో ఆస్పత్రి. అండాశయాలు ఉంచేస్తే హార్మోను ఉంటుంది, మిగిలిపోయిన మచ్చలకి అదే మేత. ఎటు చూసినా తరవాత చూసుకోవాల్సిన పని ఉంది. మనకి లేనిదల్లా ఆ "తరవాత" ఒక్కటే.

ఇంతకీ ఆపరేషన్ తరవాత నొప్పి ఎందుకుంటుంది? నాకు తెలిసినంతలో చెప్తాను, నేను డాక్టర్ని కాదు, వీటి కోసం ఐదేళ్ళు తిరిగిన పేషంటుని. ఒకటి, కంటికి కనిపించినవే తీస్తారు, లోతుగా ఉన్నవి మిగిలిపోవచ్చు. తీసినచోటే కొత్తవి రావచ్చు. సర్జరీ తరవాత రెండేళ్ళలో ఐదింట ఒకరికి, ఐదేళ్ళలో దాదాపు సగంమందికి తిరగబెడుతుందని 2009లో వచ్చిన ఒక సమీక్ష అంచనా. సగంమందికండీ! బొమ్మా బొరుసా వేసినట్టు. ఇది ఆపరేషన్ ముందు నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ఏళ్ళ తరబడి నొప్పికి బిగుసుకుపోయిన కటి కండరాలు, జబ్బు తీసేసినా వదులవ్వవు. అవే ఒక నొప్పి. మూడోది వింతైనది, నరాల సంగతి. మా అపార్టుమెంటు కింద ఒక కారుంది. ఎప్పుడో ఒకసారి దొంగలు అద్దం పగలగొట్టారు. అప్పట్నుంచి దానికి అలారం పెట్టించారు. ఇప్పుడు పిల్లి దూకినా మోగుతుంది, పాలవాడి సైకిలు తగిలినా మోగుతుంది. దొంగ పోయి ఐదేళ్ళయ్యింది, మోత మాత్రం నిజం, మా నిద్ర చెడటం కూడా నిజం. వెన్నుపాము, మెదడు కూడా అలాగే చిన్న కదలికకే మోగడం నేర్చుకుంటాయి. "స్కాన్ లో ఏమీ లేదు కాబట్టి నొప్పి లేదు" అనేవాళ్ళకి ఈ కారుని చూపించాలని ఉంటుంది నాకు.

మరి దారేంటి? అదే నన్ను ఎక్కువ మండించే విషయం. దారి ఉంది! పిల్లలకోసం వెంటనే ప్రయత్నించని వాళ్ళకి ఆపరేషన్ తరవాత హార్మోను మందు, కనీసం 18 నుంచి 24 నెలలు వాడితే నెలసరి నొప్పి తిరగబెట్టడం తగ్గుతుందని అదే ఎష్రే చెప్పింది. లోపల పెట్టే హార్మోను లూపు కావచ్చు, గర్భనిరోధక మాత్రలు కావచ్చు. డైనోజెస్ట్ మాత్రలు మన దగ్గర మందుల షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. 2019 ఆగస్టులో ఆ రెండు పేజీల కాగితంలో ఈ ఒక్క లైను రాసుంటే నా తొమ్మిది నెలలు ఇంకెన్ని నెలలయ్యేవో!

మందులు కూడా మంత్రదండం కాదు లెండి. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో ఒక అధ్యయనం వచ్చింది. ఎండోమెట్రియోసిస్ సర్జరీ అయిన 405 మంది ఆడవాళ్ళలో కొందరికి దీర్ఘకాలం పనిచేసే ప్రొజెస్టోజెన్, కొందరికి మామూలు గర్భనిరోధక మాత్ర ఇచ్చి మూడేళ్ళు చూశారు. రెండు గుంపుల్లోనూ నొప్పి సగటున 40 శాతం దాకా తగ్గింది. బాగుంది కదా? బాగుంది. కానీ మా లెక్కల బుర్రకి రెండో వైపు కూడా కనిపిస్తుంది, మిగిలిన 60 మాటేమిటి? ఆపరేషనూ చేయించుకుని, మందూ వేసుకుని, అన్నీ బుద్ధిగా పాటించిన మనిషికి కూడా నొప్పి మిగిలే ఉంటుంది. అంచేత "ఇంకా నొప్పేంటి" అన్నది ప్రశ్నే కాదు. "ఇవ్వాళ ఎంతుంది, ఎక్కడుంది, ఏం చేద్దాం" అన్నదే ప్రశ్న. సుగరు వచ్చినవాణ్ణి "మందేసుకున్నావుగా, ఇంకా సుగరేంటి" అని ఎవరైనా అంటారా? మూడు నెలలకోసారి రక్తం చూపించుకో అంటారు.

నేనిప్పుడు డైనోజెస్ట్ వేసుకుంటున్నా. మొదటి ఆర్నెల్లూ ఎప్పుడు పడితే అప్పుడు మరకలు, చిరాకు. ఇంట్లోవాళ్ళు నాకు దూరంగా తిరిగారు. తరవాత కుదుటపడింది. కటి కండరాలకి ఫిజియోథెరపీ చేయించుకున్నా. దీనికి ఆధారాలు ఇంకా పల్చగానే ఉన్నాయి, నా మటుకు నాకు బాగా పనిచేసింది. కానీ అది చేసే ఫిజియో కోసం ఎంత వెతికానో! బెజవాడలో మోకాళ్ళ నొప్పులకి వీధికొకరున్నారు. దీనికి అడిగితే "అలాంటివి మేం చెయ్యమండీ" అని మొహం తిప్పుకున్నవాళ్ళు ముగ్గురు. చివరికి హైదరాబాదులో దొరికారు. శాతవాహన ఎక్స్‌ప్రెస్ లో పొద్దున్నే వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం, వారానికోసారి, రెండు నెలలు. గంటలకొద్దీ రైల్లో కూర్చోవడం వల్ల వచ్చే నొప్పిని తగ్గించుకోడానికి గంటలకొద్దీ రైల్లో కూర్చోవడం... నవ్వుకోండి పర్లేదు, నేనూ నవ్వుకున్నా. ఉద్యోగం ఉంది, ఇంటినుంచి పని ఉంది, టికెట్ కి డబ్బులున్నాయి. ఇవేవీ లేని పామర్రు అమ్మాయో పెడన అమ్మాయో ఏం చేస్తుంది?

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. నా ఆపరేషన్ కి ఇన్సూరెన్సు వాళ్ళు ఒక్క ప్రశ్న వెయ్యకుండా కట్టారు. రేపు గర్భసంచి తీయించుకుంటానన్నా కడతారు. కానీ మాత్రలకి, ఫిజియోకి, పెయిన్ డాక్టరు ఫీజుకి? "మేడం, అడ్మిషన్ లేదు కదా, ఓపీ కవర్ అవ్వదు" అన్నాడు ఆ కుర్రాడు. చాలా పాలసీల తీరు ఇంతే. ప్రభుత్వ పథకాలూ ప్రధానంగా ప్యాకేజీల లెక్కన, ఆపరేషన్ కి ఇంత అని కట్టేవే. అంటే కొయ్యడానికి డబ్బుంది, కొయ్యకుండా చూసుకోడానికి లేదు. ఏ ఆస్పత్రినీ తిట్టక్కర్లేదు, డబ్బు ఎటు పారితే వైద్యం అటు పారుతుంది. కాలవకి నీళ్ళు వదిలిన వైపే కదా మన డెల్టాలో పంట పండేది.

ఆఫీసుల గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం నెలకొక రోజు జీతంతో సెలవుకి ఒప్పుకుంది. బీహారు ప్రభుత్వ ఉద్యోగినులకి 1992 నుంచే రెండు రోజులున్నాయి. మంచిదే. కానీ నాలాంటి నొప్పి కాలెండరు చూసి రాదు. నాకు కావలసింది సెలవుకంటే ముందు, "ఇవ్వాళ పడుకుని పనిచేస్తాను" అంటే ఎందుకు అని అడగని మనిషి.

ఇంకో పక్కన్నుంచి పొడిచేవాళ్ళ గురించి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. "సర్జరీ వద్దు, హార్మోన్లు విషం, మా పొడి మూడు మండలాలు వాడండి, కూకటివేళ్ళతో పోతుంది" అనే యూట్యూబు వైద్యులు. మా పిన్ని వారానికొక వీడియో పంపిస్తుంది. వీళ్ళకీ సూర్యారావుపేట డాక్టరమ్మకీ నాకు పెద్ద తేడా కనపడదు. ఇద్దరూ అమ్మేది "పూర్తిగా పోతుంది" అన్న మాటే. ఆవిడ కత్తితో, వీళ్ళు పొడితో.

ఆస్ట్రేలియాలో 2018లోనే ఈ జబ్బుకి జాతీయ కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నారు. ఆ తరవాత ఎండోమెట్రియోసిస్, కటి నొప్పి కోసమే ప్రభుత్వ డబ్బుతో ఇరవైకి పైగా క్లినిక్కులు పెట్టారు. అంత దూరం మనం ఇప్పుడే పరిగెత్తక్కర్లేదు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, బెజవాడలో సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఉంది. గైనకాలజీ, నొప్పి చూసే మత్తు డాక్టరు, ఫిజియో, ఈ ముగ్గురూ వారానికి ఒక్క పూట ఒకే గదిలో కూర్చోవడానికి కొత్త బిల్డింగు కట్టక్కర్లేదు. మిషన్లు కొనక్కర్లేదు. మూడు కుర్చీలు చాలు. డిశ్చార్జి కాగితంలో మూడు లైన్లు కలపడానికి అయితే అదీ అక్కర్లేదు: ఇది తిరగబెట్టవచ్చు, తగ్గించడానికి ఈ మందు వాడాలి, ఆర్నెల్లకోసారి రండి, నొప్పి వస్తే ఫలానా చోటికి వెళ్ళండి అని. లెక్కపెడితే నాలుగయ్యాయి, నాలుగే రాయండి.

నాకు వచ్చే మంగళవారం రివ్యూ ఉంది. నొప్పి డైరీ తీసుకెళ్తున్నా, తారీకులతో సహా. ఎక్సెల్ లో గ్రాఫు కూడా వేశాను, అలవాటు పోదు కదా. నిన్న ఉయ్యూరు నుంచి అత్తయ్య ఫోను చేశారు, తను కూడా వస్తారట. "మీ మామయ్యకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు, కళ్ళజోడు కోసమని చెప్పి బయల్దేరతా" అన్నారు. పాత ఆపరేషన్ కాగితాలేవైనా ఉన్నాయా అత్తయ్యా అని అడిగాను. ముప్ఫయ్యేళ్ళ కిందటివి, అసలప్పుడు కాగితమంటూ ఇచ్చారో లేదో, ట్రంకు పెట్టెలో చూస్తానన్నారు.